బాపు గొంతుకు బ్యాటరీ

బాపును మట్టిలో పెడుతుండగా బాపే కేక వేశాడు.

కట్టంగూర్ దాటాక హైవే దిగి లోపలికి పోతే మా ఊరు. ఊరి చివర ఎర్ర చెలకలో మా రెండెకరాల జొన్న. ఆ చేను గట్టు మీదే గొయ్యి తీశారు. పాస్టరయ్య ప్రార్థన చేస్తున్నాడు, అందరం తలా పిడికెడు మన్ను పట్టుకుని నిలబడ్డాం. అప్పుడు చేను నడుమ మంచె మీదనుంచి బాపు గొంతు లేచింది.

"హో... హోయ్! ఓ సిలకో! గీడేమున్నదే నీకు? పక్క చేన్లకు పో! గాడ గింజ మంచిగున్నది!"

మన్ను పట్టుకున్న చేతులు అట్లాగే ఆగిపోయాయి. వెనక ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. పాస్టరయ్య ముఖంలో కూడా రంగు మారింది. పునరుత్థానం గురించి ప్రతి ఆదివారం చెప్పే మనిషి, అది నిజంగానే వచ్చేసిందేమోనని బెదిరిపోయాడు. పక్కచేను చాచా మాత్రం కదలకుండా నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. బాపు చిలకలను పొమ్మన్నది ఆయన చేలోకే మరి.

బాపు గొంతు రికార్డు చేసి మంచె మీద పెట్టిన పెట్టెను ఆపడానికి నేను అటు పరుగెత్తబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్ బిడ్డా. పంట మీదున్నది. కోసేదాంక కాపలా ఆయనదే" అని, తన చేతిలో మన్ను గుంతలో వేసింది. ఆమె వేశాక మిగతావాళ్లు వేశారు. గుంత పూడ్చేలోపు బాపు ఇంకా చాలాసార్లు అరిచాడు. కేకకూ కేకకూ మధ్య ఎంత గడువు ఉండాలో పెట్టింది నేనే. కాబట్టి మళ్లీ ఎప్పుడు అరుస్తాడో నాకు ముందే తెలుస్తోంది. ఆ తెలియడమే అన్నిటికన్నా భయంగా ఉంది.

ఆ పెట్టె నేను చేసిందే. నల్లగొండలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకోవడం నా ఉద్యోగం. పెళ్లయ్యాక నా కాపురం కూడా అక్కడే. ఆ ఏడు జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో ఇంటికి వస్తే బాపు గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. మా ఊళ్లో కాపలా కాసే ప్రతి మనిషికీ సొంత కేక ఉంటుంది. దూరం నుంచి కేక వినే ఎవరు ఏ చేలో ఉన్నారో చెప్పేస్తారు. ఒకరి కేక ఇంకొకరు వేయరు, వేస్తే వెక్కిరించినట్టు లెక్క. బాపుకు జ్వరం వచ్చినా ఆయన కేక ఇంకెవరూ అరువు తీసుకోలేరు. వడిసెల తిప్పి రాళ్లు విసిరే చెయ్యి అలిసిపోయినా కేకతో నెట్టుకొచ్చే మనిషికి ఇప్పుడు ఆ కేకే పోయింది.

"గొంతు రికార్డు చేసి మంచె మీద పెడత. అదే అరుస్తది" అన్నాను.

"మిషిన్‌కు గొంతు నొయ్యది గద. జెయ్యి" అన్నాడు బాపు.

గొంతు కొంచెం తేరుకున్నాక రికార్డు చేయడానికి మంచె ఎక్కాం. ఫొటో దిగుతున్నట్టు అంగీ గుండీలన్నీ పెట్టుకుని, మైకు ముందు బిగుసుకుపోయి కూర్చున్నాడు. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. "సిగ్గయితాంది" అన్నాడు. ఇంతలో చిలకల గుంపు దిగింది. బాపు మైకునూ నన్నూ మరిచిపోయి లేచి నిలబడి తిట్టాడు. నేను బొత్తాం నొక్కి పట్టుకున్నాను. చిప్పులోకి ఎక్కింది ఆ తిట్టే.

పెట్టెలో పెద్దగా ఏమీ లేదు. గొంతు దాచుకునే చిప్పు, దాన్ని పెద్దది చేసే చిన్న ఆంప్లిఫయరు, ఒక టైమరు, మీద ప్రచారం ఆటోకు కట్టే పాత మైకు. అన్నిటినీ వానకు తడవకుండా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. తిప్పలన్నీ కరెంటుతోనే వచ్చాయి. తెలంగాణ వచ్చాక ఇరవై నాలుగు గంటల కరెంటు అంటారు, నిజమే, మోటరు ఉన్నవాళ్లకు. మా చెలకలో బోరు లేదు, కాబట్టి స్తంభమూ లేదు. సోలారు ప్లేటు పెట్టాను. సామెతలో కోతికి కొబ్బరికాయ దొరికింది, మా చేలో కోతికి సోలారు ప్లేటు దొరికింది. మూడోనాటికి అది ముక్కలై గట్టు మీద పడి ఉంది.

ఇక మిగిలింది బ్యాటరీ. లాప్‌టాప్ రిపేరు దుకాణాల్లో పాడైన బ్యాటరీలు మూలన పడేస్తారు. విప్పి చూస్తే లోపల వేలెడు సెల్లులు వరుసగా ఉంటాయి. వాటిలో ఒకటో రెండో చచ్చిపోతే మొత్తాన్ని పారేస్తారు, మిగతావి మాత్రం లోపల బతికే ఉంటాయి. అట్లా బతికున్నవి ఏరి రెండు జతలు చేశాను. ఒకటి మంచె మీద, ఒకటి ఇంట్లో ఛార్జింగుకు. మార్చడం అమ్మ నేర్చుకుంది. ఎర్ర లైటు నీలం అయితే "కడుపు నిండింది" అనేది.

బాపు వేసినన్ని కేకలు పెట్టె వేసింది. బాపు మంచె కింద నీడలో పడుకుని, తన గొంతు తానే వింటూ నవ్వుకునేవాడు. చాచా గట్టు దాటి కొట్లాటకు వచ్చాడు. "అరే భాయ్, దినమంత నా చేన్లకు పో, నా చేన్లకు పో అనుడేంది? నీ బిడ్డకు జర చెప్పి గా మాట తీపియ్యి!" ఇద్దరూ బీడీలు కాల్చుకుని నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఎడమ చెయ్యి మొద్దుబారుతోందని బాపు ఒకటి రెండుసార్లు అన్నాడట. అంటే అన్నాడు, మళ్లీ తనే "వడిసెల తిప్పి తిప్పి గట్లయితాంది" అని మాట మార్చాడు. ఒక పొద్దున చెంబు చేతిలోంచి జారింది, మనిషి కూడా పక్కకు ఒరిగాడు. నల్లగొండ దవాఖానలో పెట్టాం. పక్షవాతం నోటిని కూడా పట్టింది. మాట రావడానికి ఎంతో యాతన పడేవాడు. అమ్మను ఎప్పుడూ "ఏమే" అని పిలుస్తాడు. ఆ చిన్న మాటే "ఏ... ఏ... మే..." అని లోతుగా, మందంగా సాగేది. రోజురోజుకూ ఇంకా సాగింది. అమ్మ మంచం పక్కనే కూర్చుని ఆ మాట పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టుకునేది. ఒకనాడు అది పూర్తి కాలేదు.

దవాఖానలో ఉన్నన్నాళ్లూ మా ఇంటి తాళంచెవి చాచా దగ్గరే ఉంది. బ్యాటరీలు ఆయనే మార్చాడు. అందుకే గుంత దగ్గర ఆ గొంతు అంత నిండుగా పలికింది.

తర్వాత నేను నల్లగొండ ఇంటికి తిరిగి పోలేదు. కోత అయ్యేదాకా అమ్మ దగ్గరే ఉంటానని అక్కడ చెప్పి, కట్టంగూర్ నుంచి బస్సుల్లో ఉద్యోగానికి తిరిగాను. అమ్మ పొద్దున్నే అన్నం మూట కట్టుకుని చేనుకు పోయేది. మంచె మీద కూర్చుని ఆ గొంతుకు జవాబులు చెప్పేది. "పొయినయ్ తియ్, ఇగ సాలు" అనేది. "ఎందుకు గంత గట్టిగ మొత్తుకుంటవ్?" అనేది. పక్కనుంచి పోయేవాళ్లు తల తిప్పుకుని పోయేవారు. నాకు తప్పనిపించలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషితో అట్లాగే మాట్లాడింది.

ఒక సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. అమ్మ చెప్పులు కూడా లేకుండా ఉరికొచ్చింది.

"బిడ్డా, జల్ది రా! నీ బాపుకు మల్ల గట్లనే అయితాంది!"

ఏమైందో అర్థం కాకపోయినా పరుగెత్తాను. చేను దగ్గరికి పోకముందే వినిపించింది. "హో... ఓ... ఓ... ఓ... సి... ల... కో..." లోతుగా, మందంగా, ఒక్కో అక్షరం సాగుతూ. కారణం నాకు తెలుసు. సెల్లులు పాతవి, చెప్పకుండా నీరసించిపోతాయి. వోల్టేజీ తగ్గితే ఆ చవక చిప్పు నెమ్మదిస్తుంది, చిప్పు నెమ్మదిస్తే గొంతు సాగుతుంది. ఇదంతా పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పేదాన్ని. అయినా గట్టు మీదే నిలబడిపోయాను. అది అచ్చం దవాఖాన మంచం మీది గొంతు. బాపు మళ్లీ చచ్చిపోతున్నాడు, ఈసారి మంచె మీద.

వెళ్లి తీగ పీకేశాను. అమ్మ మంచె గుంజ పట్టుకుని నిలబడింది.

"ఒకసారి సూసిన. మల్లోసారి ఇనలేను బిడ్డా. కోతదాంక ఆయన గొంతు గట్టిగుండాలె. నీ సదువు నాకు గదొక్కటి చేసి పెట్టాలె" అంది.

ఆమె నన్ను జీవితంలో అడిగింది అంతే. దీని కోసం ఏమైనా చేస్తాననుకున్నాను.

నా పవర్ బ్యాంకు తీశాను. లోపల సెల్లు నీరసించినా బయటికిచ్చే వోల్టేజీ మారదు. ఉన్నంతసేపు ఒకే తీరుగా ఇచ్చి, అయిపోగానే ఒక్కసారిగా ఆగిపోతుంది. అంటే గొంతు ఇక ఎప్పటికీ సాగదు. నా తెలివికి నేనే మురిసిపోతూ పొద్దున్నే దాన్ని పెట్టెకు కలిపి బస్సెక్కాను. నార్కట్‌పల్లి కూడా చేరకముందే అమ్మ ఫోను.

"పలుకుతలేడు. గుండీ ఒత్తితె ఒక్కసారి పలికి, మల్ల గమ్మునుంటాండు."

"అయితే ఒత్తుతుండు. సాయంత్రం వచ్చి చూస్త" అని పెట్టేశాను. బస్సులో నిలబడటానికే చోటు లేదు, నా తిక్క నాది.

సాయంత్రం చేనుకు పోతే అమ్మ మంచె మీదే ఉంది. ఒళ్లో పెట్టె, చేతిలో పవర్ బ్యాంకు. అన్నం మూట ముడి విప్పలేదు. పొద్దుటి నుంచి ఆ గుండీ ఒత్తుతూనే ఉంది. లైటు ఆరగానే ఒత్తడం, బాపు పలకగానే వినడం, మళ్లీ ఆరితే మళ్లీ ఒత్తడం. బొటనవేలు ఉబ్బి ఎర్రబడింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పిచ్చి గాని పట్టిందా నీకు? తిండి కూడా తినకుండా!" అని అరిచాను.

"ఒత్తుతుండుమంటివి గద" అంది.

ఆ మాటకు నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మంచె ఎక్కి పక్కన కూర్చుని, అన్నం విప్పి కలిపి పెట్టాను. తింటూ అడిగింది, "ఎందుకు గట్ల ఆగిపోతాంది?" అని.

"ఇది ఫోన్లకు చేసింది అమ్మా. ఫోను ఎక్కువ కరెంటు గుంజుతది. మన పెట్టె కేకకూ కేకకూ నడుమ ఏమంత తీసుకోదు. గింతే తీసుకునేసరికి, అవతల ఎవరూ లేరనుకుని ఇది తలుపు మూసుకుంటది."

అమ్మ నమలడం ఆపింది.

"మీ బాపు గూడ గంతే గద బిడ్డా. ఏమడిగిండు ఎన్నడన్న? చెయ్యి మొద్దువారిందని అన్నడు, మల్ల ఊకున్నడు. అడిగెటోడైతే దవాఖానకు గుంజుకపోదుము."

 మిగిలిన అన్నం ఇద్దరం తిన్నాం.

దానికి మందు సులువే. పెట్టెతో పాటు ఒక రెసిస్టరు కూడా కలిపితే సరి. ఊరికే కరెంటు తిని వేడెక్కడం తప్ప దానికి వేరే పని లేదు. పవర్ బ్యాంకులో ఉన్నది చాలావరకు దానికే పోతుంది, కానీ అవతల ఎవరో ఉన్నారని బ్యాంకు నమ్ముతుంది. అతికించి డబ్బా లోపలి గోడకు ఆనించి బిగించాను. ఇంకో బ్యాంకు కొని తెచ్చి, ఒకటి మార్చి ఒకటి పెట్టాను. ఆ రోజు బాపు ఒక్కసారి కూడా ఆగలేదు, ఎక్కడా సాగలేదు. చిలకలను తిట్టినప్పుడల్లా జొన్నచేనంతా ఆయనదే అన్నట్టు పలికింది.

అమ్మ డబ్బా మీద చెయ్యి వేసి చూసింది. "ఎచ్చగున్నది బిడ్డా" అంది. చెయ్యి తియ్యలేదు. తర్వాత ఎప్పుడు పోయినా ఆ డబ్బా మీద అరచెయ్యి ఆనించి కూర్చుని కనిపించేది. అది నేను పెట్టిన వేడే. అయినా ఆ దృశ్యం చూడాలంటే జంకేదాన్ని.

ఆ గొంతు ఆమె కన్నా నన్నే గట్టిగా పట్టుకుందని తర్వాత తెలిసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే లారీ హారన్ల మధ్య "హోయ్" వినిపించేది. చిట్యాల దాకా ఏదో పని మీద పోయినా వెంట వచ్చేది. ల్యాబులో పిల్లలు తీగలు కలుపుతుంటే, కేక గడువు రాగానే నా తల దానంతటదే లేచేది. "మేడం, ఏమైంది?" అని అడిగేవాళ్లు. ఏం చెప్పను? నల్లగొండ ఇంటి నుంచి ఫోను వస్తే రెండు మాటల్లో పెట్టేసేదాన్ని. సాయంత్రమైతే తీగలు అతికించే సోల్డరింగు కాడ పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంకా గట్టి ఆంప్లిఫయరు పెట్టాలి, బ్యాంకు ఎక్కువసేపు నిలవాలి, రెసిస్టరును ఎప్పుడూ కాకుండా అప్పుడప్పుడు మాత్రమే తాకేలా చేయాలి. పని మీద పని పుట్టుకొచ్చింది. అదంతా అమ్మ కోసమేనని అనుకున్నాను.

కోత వచ్చింది. కూలికి వచ్చిన ఆడవాళ్లు మొదట మంచె దగ్గరికి పోవడానికే భయపడ్డారు. బాపు పక్క చేనుకు పొమ్మని రెండుసార్లు తిట్టాక, వాళ్లలో ఒకావిడ నడుం పట్టుకుని లేచి, "ఓ అన్నా, మేం సిలకలం గాదే! కైకిలొళ్లం! మమ్ముల గూడ పొమ్మంటే నీ జొన్న ఎవలు కోస్తరు?" అని గట్టిగా అరిచింది. అందరూ నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

కంకులు కోశారు, చొప్ప కోసి కట్టలు కట్టారు. గింజలు ఇంటికి చేరాయి. చేలో మొద్దులు మాత్రం మిగిలాయి. నేను పెట్టె దించలేదు. పొద్దున్నే బ్యాంకు మార్చి బస్సెక్కుతూనే ఉన్నాను. కొయ్యకాళ్ల మీద ఒక్క పిట్ట వాలడం లేదు, బాపు మాత్రం లేని పిట్టలను తిడుతూనే ఉన్నాడు.

ఒక ఆదివారం నేను బ్యాంకు మారుస్తుంటే చాచా గట్టు దాటి వచ్చాడు.

"బిడ్డా, నా చేను గూడ కోసిన. ఇంకా నా చేన్లకే పొమ్మంటాండు మీ బాపు. గాడ గడ్డి గూడ లేదాయె" అని నవ్వబోయి, నవ్వు రాక ఆగాడు. "గా బ్యాటరీ ఎవలి కోసం పెడుతున్నవ్ బిడ్డా?"

"అమ్మ కోసం!" అని కస్సుమన్నాను. "నీకేమన్న నొప్పయితే చెవులు మూసుకో చాచా."

ఆయన తలపాగా సరిచేసుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగితే చొప్ప మోపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది.

మర్నాడు పొద్దున అమ్మే అడిగింది. "బ్యాంకు నిండ జార్జయిందా? నాలుగు లైట్లు ఎలుగుతున్నయా?"

"వెలుగుతున్నయ్."

"పట్టుకరా. నువ్వు గూడ రా. ఇయ్యాల నౌకరికి పోకు."

ఇద్దరం మంచె ఎక్కాం. నేను బ్యాంకు కలిపాను. బాపు పలికాడు, ఎన్నడూ లేనంత నిండుగా. ఎండ ఇంకా ముదరలేదు, గాలి లేదు, గొంతు చెలక చివరిదాకా పోయింది. అమ్మ కళ్లు మూసుకుని వింది. మళ్లీ పలికేదాకా ఆగింది, అది కూడా వింది. "గాడ గింజ మంచిగున్నది" అన్న చివరి మాట పూర్తి కానిచ్చి, చెయ్యి చాపి పెట్టె స్విచ్చు కట్టేసింది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "అదేందమ్మా? ఇంకా నిండుగ ఉన్నది! ఇయ్యాలంత వస్తది, రేపు కూడా వస్తది!"

"గందుకే బంద్ జేసిన. గొంతు మంచిగున్నప్పుడే పోనీ. ఆయన అరగోస పడంగ ఒకసారి పంపిన, ఇప్పుడు మంచిగ పంపుతున్న."

"లేదమ్మా, ఇంకో చిప్పు తెస్త. వోల్టేజీ పడిపోయినా సాగనిది ఉంటది. పెద్ద బ్యాటరీ కడత. ఏండ్లకేండ్లు ఇట్లనే..." అని చెప్పుకుంటూ పోయాను. నా మాటలు నాకే ఆగకుండా వస్తున్నాయి.

అమ్మ పెట్టెను తీసి నా ఒళ్లో పెట్టింది.

"నా కోసమంటివి చాచాతోని. నేను గుంతల మన్నేసిన్నాడే ఏడ్సిన బిడ్డా. దినాం గీడ గూసోని ఏడ్సిన. నువ్వే, గా తీగెలు అతికిచ్చుకుంట ఒక్కనాడన్న ఏడ్వకపోతివి. ఇగ పని అయిపోయింది. ఏడువు."

అమ్మ మంచె దిగి, నాకు ఏడుపు వచ్చేదాకా కిందే నిలబడింది.